గేటు దగ్గర కొలిచిన ప్రేమ

శనివారం ఉదయం పది కాకముందే మృదుల ఫ్యామిలీ కోర్టు వెనకవైపున్న పిల్లల గదికి వచ్చి కూర్చుంది. గోడల నిండా ఏనుగులూ సీతాకోకచిలుకలూ ఉన్న ఆ గదిలో పిల్లలకంటే పెద్దవాళ్ళే ఎక్కువ బెదురుగా ఉంటారు. విడిపోతున్న తల్లిదండ్రులు పిల్లల్ని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి అప్పగించే చోటు అది. రిజిస్టర్లో సంతకం పెట్టాలి, టైము వెయ్యాలి, తిరిగి ఎప్పుడు తెచ్చి దిగబెడతారో రాయాలి.

గుమ్మంలో దివాకర్ కనిపించాడో లేదో, తన్వి అతని చెయ్యి విదిలించుకుని పరుగెత్తుకొచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల. రెండు జడలూ ఎగురుతుండగా వచ్చి తల్లి నడుం చుట్టేసింది.

"అమ్మా, ఇవాళ బీచ్‌కి వెళ్దామా? రాత్రికి పిజ్జా చేస్తావా? రేపు సైకిలు తొక్కనిస్తావా?"

"అన్నీ చేద్దాం" అంది మృదుల, కూతురి తల నిమురుతూ.

దివాకర్ సంతకం పెట్టి బ్యాగు బల్లమీద పెట్టాడు. అతను ఇంట్లోనే కూర్చుని ఇళ్ళ ప్లాన్లు గీస్తాడు. తన్వి పుట్టిన దగ్గర్నుంచీ ఆ పిల్ల పాలసీసా నుంచి ఎక్కాల పుస్తకం వరకు అన్నీ అతని బల్ల పక్కనే గడిచాయి.

"ఏడో ఎక్కం దగ్గర తడబడుతోంది. కాస్త చూడు" అన్నాడు.

"చూస్తాను."

"పోయినవారం కూడా చూస్తానన్నావు."

మృదుల బ్యాగు భుజానికి తగిలించుకుంది. ఇద్దరూ పోట్లాడుకోవడం మానేసి రెండేళ్ళయింది. పోట్లాటలు ఆగిపోయాకే కాపురం అయిపోయిందని ఇద్దరికీ అర్థమైంది. ఏడాదిగా వేరువేరు ఇళ్ళలో ఉంటున్నారు. విడాకులకి ఇద్దరూ ఒప్పుకున్నారు. పరస్పర అంగీకారంతో పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరునెలలూ ఆగారు. తేలనిది ఒక్కటే, తన్వి ఎవరి దగ్గర ఉండాలన్నది. దాని మీద శుక్రవారం వాయిదా ఉంది.

దివాకర్ వెళ్ళిపోయాడు. తన్వి అతను వెళ్ళడం గమనించనైనా లేదు. పిల్ల ఎడమ మణికట్టు మీద గచ్చకాయ రంగు బ్యాండు ఉంది. ఐదు వారాలుగా అది ఆ పిల్ల గుండె కొట్టుకోవడం, ఊపిరి, చర్మం మీది తడి, చర్మం కింద రక్తంలో కలిసే కొన్ని రసాయనాలు లెక్కపెడుతోంది. తల్లి మెడలో ఒకటి, తండ్రి జేబులో ఒకటి చిన్న బిళ్ళలు ఉంటాయి. ఎవరు దగ్గరున్నప్పుడు పిల్ల ఒళ్ళు ఎలా స్పందించిందో చూసి, ఫోన్లో గొంతు వినిపించినా దాన్నీ కలుపుకుని, చివరికి ఒక్కొక్కరికి నూటికి ఇన్ని అని ఒక అంకె ఇస్తుంది. కాగితాల మీద దాని పేరు బంధసూచి. కోర్టు వరండాలో అందరూ అనేది మాత్రం మార్కుల మిషన్.

దాన్ని తయారుచేసింది మృదులే.

ఎనిమిదేళ్ళ పని అది. అంతకుముందు పిల్లల్ని జడ్జి గది లోపలికి పిలిచి అడిగేవారు. అమ్మమ్మలూ తాతయ్యలూ నేర్పిన మాటలు పిల్లలు అప్పజెప్పేవాళ్ళు, లేకపోతే తల దించుకుని గౌను అంచు నలుపుకునేవాళ్ళు. 'పిల్లల్ని అడగక్కర్లేదు, వాళ్ళ ఒళ్ళే చెబుతుంది' అని మృదుల ఒక సదస్సులో అంటే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రెండేళ్ళలో మూడు వందల పన్నెండు కుటుంబాల తీర్పుల్లో ఆ అంకె చేరింది.

"సంతకం ఎట్టండి మేడమ్" అంటూ రిజిస్టర్ జరిపింది అప్పలకొండ. ఆ గదికి పదిహేనేళ్ళుగా ఆవిడే అటెండరు. "మీ గుంటకి కూడా ఎట్టీసేరేటి, మార్కుల బ్యాండు?"

"రేపటితో అయిపోతుంది."

"మీకే ఒత్తాయిలెండి ఎక్కువ."

"అదెలా చెప్పగలవు?"

"నానేటి సదూకున్నానా సెప్పడానికి? సూసినదే సెప్తన్నాను. ఇంట్లో ఉండి ముడ్డి కడిగి, ముద్ద ఎట్టినోళ్ళకి ఎప్పుడూ తక్కువే ఒత్తాయి. ఎప్పుడో ఒకపాలి బొమ్మట్టుకొని ఒచ్చినోళ్ళకి ఎక్కువొత్తాయి. అదిగో ఆ సావిత్రమ్మని సూడండి."

కిటికీ పక్కన నలభయ్యేళ్ళావిడ ఒడిలో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని గుమ్మం వైపే చూస్తోంది. నెలకి రెండు శనివారాలు చోడవరం నుంచి బస్సులో వస్తుంది. కొడుకుని రెండు గంటలు చూసుకుని వెళుతుంది. తండ్రి ఓడల్లో పనిచేస్తాడు, బాబు ఆ ఇంట్లో నాయనమ్మ దగ్గర ఉంటున్నాడు. బంధసూచి సావిత్రికి ఇరవై ఎనిమిది వేసింది.

మృదుల అలాంటి మాటలు చాలా విన్నది. ఓడినవాళ్ళు మిషన్‌ని తిట్టడం మామూలే. కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

ఆదివారం ఉదయం తన్వి అపార్ట్‌మెంట్ కింద సైకిలు తొక్కుతూ మలుపులో ఇసుక మీద జారి పడింది. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారింది. మృదుల పరుగెత్తి ఒళ్ళోకి లాక్కుంది. "ఏం కాలేదమ్మా, ఏం కాలేదు బంగారం, అమ్మ ఉందిగా" అంటూ గుండెకి అదుముకుంది. పిల్ల ఏడుపు పెరిగిందే కాని తగ్గలేదు. కడగబోతే కాలు లాక్కుంటోంది. పైఫ్లాటు ఆవిడ మందు తెచ్చింది, వాచ్‌మన్ భార్య పంచదార తెచ్చింది. అందరినీ చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది.

"నాన్నకి ఫోన్ చెయ్యి" అంది వెక్కుతూ.

మృదులకి చురుక్కుమంది. అయినా చేసింది.

"ఏంటి, పడ్డావా?" అన్నాడు దివాకర్ అవతలి నుంచి. వెనక కుక్కరు విజిల్ వేస్తోంది. "ఏ మోకాలు?"

"కుడిది."

"పోయినసారి ఎడమదిగా. ఇప్పుడు రెండూ సమానం అయ్యాయి. కుళాయి కింద పెట్టి కడుక్కో. మండుతుంది, పది లెక్కపెట్టు. లెక్కల పుస్తకం తీశావా?"

"ఇంకా లేదు."

"తియ్యి మరి. ఉంటాను, పప్పు మాడుతోంది."

అంతే మాట్లాడాడు. అయ్యో అనలేదు, బంగారం అనలేదు. తన్వి ముక్కు తుడుచుకుని, లేచి, కుళాయి దగ్గరికి తనే కుంటుకుంటూ వెళ్ళి పది లెక్కపెట్టింది. తరవాత మళ్ళీ సైకిలెక్కింది. మృదుల మందు సీసా చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

సోమవారం మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. మృదుల సొంత కేసు కాబట్టి లెక్కకట్టే పని వేరే ఊరి కేంద్రానికి అప్పగించింది కోర్టు. తల్లి, ఎనభై ఒకటి. తండ్రి, ముప్పై నాలుగు.

ఐదు నిమిషాల్లో లాయరు హేమసుందరిగారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, మిఠాయి తెస్తున్నావా, నన్నే తెచ్చుకోమంటావా? ఎనభై ఒకటి! ఇన్ని కేసుల్లో నేను చూడలేదు ఇంత అంకె. శుక్రవారం మనం నోరు తెరవక్కర్లేదు."

మృదుల ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడి ఆ సంతోషాన్ని నిండుగా అనుభవించింది. ఏడాదిగా తన రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో ఒక గది వారమంతా ఖాళీగా ఉంటోంది. దానికి పసుపుపచ్చ రంగు వేయించింది. ఇంక ఆ గదిలో పిల్ల రోజూ నిద్రపోతుంది.

అలవాటు ప్రకారం రిపోర్టు వెనక జతచేసిన గ్రాఫు కూడా తిప్పింది. మొదట శనివారాలు చూసుకుంది. ప్రతి శనివారం పదిగంటలకి గీత కొండలా లేచింది. తను కనిపించిన క్షణమే అది. దివాకర్ పేరు కింద గీత దాదాపు చదునుగా ఉంది. అన్నం దగ్గర, నిద్ర దగ్గర, స్కూలు నుంచి వచ్చినప్పుడు, ఎక్కడా ఉలుకూ పలుకూ లేదు. 'స్పందన లేదు' అని మిషన్ వరసగా గుర్తులు పెట్టుకుంటూ పోయింది.

ఆదివారం తొమ్మిదీ నలభై దగ్గర ఆమె వేలు ఆగింది. సైకిలు పడిన చోట గీత నిటారుగా లేచింది. తను ఎత్తుకున్నప్పుడు, బంగారం అన్నప్పుడు ఇంకా పైకి పోయింది. ఫోన్ కలిసిన దగ్గర్నుంచి నలభై సెకన్లలో దిగి చదునైపోయింది. ఆ దిగడానికి ఎదురుగా మిషన్ దివాకర్‌కి వేసిన గుర్తు సున్నా. తను ఎత్తుకున్నప్పుడు గీత లేచినందుకు మాత్రం తనకి ఏడు పాయింట్లు వేసింది.

మృదుల కుర్చీలో కూర్చుంది. గ్రాఫు మళ్ళీ చూసింది. ఎంత చూసినా అది మారలేదు.

"సుభా, ఒకసారి ఇలా రా."

సుభాషిణి ఆమెతో పాటు మొదటి రోజు నుంచీ ఈ పనిలో ఉన్న గణాంక నిపుణురాలు. కళ్ళజోడు నెత్తిమీదికి జరుపుకుంటూ వచ్చింది. మృదుల గీత మీద వేలు పెట్టి చూపించింది.

"పిల్ల ఊరుకుంది. దానికి సున్నా ఎందుకేశాం?" అంది సుభాషిణి.

"గీత పైకి లేవలేదుగా. లేస్తేనే బంధం అని మనమే నేర్పాం దానికి."

"ఎక్కడ నేర్పాం?"

ఇద్దరికీ తెలుసు ఎక్కడో. ఎనిమిదేళ్ళ క్రితం పరిశోధన మొదలుపెట్టినప్పుడు దగ్గరలో దొరికిన పిల్లలు ల్యాబ్ ఆవరణలోని క్రెష్ పిల్లలు. రెండువందల మంది, అందరూ ఇక్కడి ఉద్యోగుల పిల్లలే. సాయంత్రం ఆరింటికి తల్లిదండ్రులు వచ్చి గేటు దగ్గర నిలబడితే పిల్లలు పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఆ క్షణంలో తీసిన కొలతల మీదే మిషన్ మొత్తం నిలబడింది. అక్కడ పనిచేసేవాళ్ళకి తెలిసిన ప్రేమ ఆ గేటు దగ్గరిదే. రోజుకి ఒక్కసారి, ఆరింటికి, చేతులు చాచి పరుగెత్తుకొచ్చేది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

"ఇళ్ళలో తీసినవి కూడా ఉండాలి" అంది మృదుల.

"ఉన్నాయి. పనికిరావని పక్కన పడేశాం."

ఆ సాయంత్రం, మర్నాడు పగలంతా ఇద్దరూ ఆ పక్కన పడేసిన రికార్డులు తవ్వారు. నాయనమ్మలు, ఆయాలు, ఇంట్లో ఉండిపోయిన తల్లులు, ఒకరిద్దరు తండ్రులు. అందరి దగ్గరా చదునైన గీతలే. ఈసారి వేరే లెక్క కట్టారు. పిల్ల ఏడ్చినప్పుడు ఎవరి దగ్గర ఎంతసేపట్లో ఊరుకుంది? పెంచుతున్న మనిషి దగ్గర ఒక నిమిషం లోపు. గేటు దగ్గరి మనిషి దగ్గర ఆరేడు నిమిషాలు.

సుభాషిణి ఒక రికార్డు దగ్గర ఆగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇది మా పెద్దాడిది. మా అత్తగారికి సున్నా వేశాం మృదులా. ఆవిడకి మాత్రం చెప్పకు, అసలే నా మీద గుర్రుగా ఉంది."

ఇద్దరూ నవ్వారు. నవ్వు మధ్యలోనే సుభాషిణి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"శుక్రవారం నీ వాయిదా. డైరెక్టరుగారికి సోమవారం చెబుదాం. మూడు రోజుల్లో కొంపలేం మునగవు" అంది.

మృదుల బీరువాలోంచి సావిత్రి ఫైలు తీసింది.

బుధవారం హేమసుందరిగారి ఆఫీసులో ఆమె చెప్పింది విని లాయరుగారు తింటున్న ఇడ్లీ పక్కన పెట్టేశారు. అరవై దాటిన మనిషి. మూడు తరాల విడాకులు చూశానని చెప్పుకుంటారు.

"నా క్లయింటు తనకి వ్యతిరేకంగా తనే మాట్లాడితే నేనేం చెయ్యాలి, చప్పట్లు కొట్టాలా?"

"పిల్లని వద్దనడం లేదండీ. ఆ అంకె వద్దంటున్నాను. అంకె తీసేసి వాదించండి."

"అంకె తీసేస్తే నీకేం మిగిలింది? జడ్జి అడిగేది ఒక్కటే. నీ హక్కేమిటని అడగడు, అతని హక్కేమిటని అడగడు. పిల్లకి ఏది మంచిదని అడుగుతాడు. చట్టంలో అన్నిటికంటే పైనుండే మాట అదే. రోజూ జడేసేదెవరు, స్కూలుకి పంపేదెవరు, జ్వరమొస్తే పక్కన కూచునేదెవరు? ఆ లెక్కలో నువ్వెక్కడున్నావో నీకు తెలీదా? ఐదేళ్ళలోపు పిల్లయితే తల్లి వైపు కొంత మొగ్గు ఉండేది. ఎనిమిదేళ్ళొచ్చాయి."

"తెలుసు."

"దివాకర్ ఈ మిషన్‌కి ఒప్పుకోనంటే కోర్టు బలవంతం చేసేది కాదు. ఎందుకు సంతకం పెట్టాడో తెలుసా? వాళ్ళ లాయరు నాకు చెప్పాడు. 'మా ఆవిడ చేసిన మిషన్ తప్పు చెప్పదండీ' అన్నాట్ట."

మృదుల కిటికీలోంచి బయటికి చూసింది. రోడ్డు మీద స్కూలు ఆటోలు పోతున్నాయి.

హేమసుందరిగారు గొంతు తగ్గించారు. "వింటావా? శుక్రవారం తీర్పు రానీ. నెల పోయాక మిషన్ తప్పని చెప్పు. పిల్లల సంరక్షణ మీద వచ్చే ఏ తీర్పూ శాశ్వతం కాదు, పరిస్థితి మారితే ఎవరైనా మళ్ళీ పిటిషన్ వేసుకోవచ్చు. అతనూ వేసుకుంటాడు. ఈలోపు పిల్ల నీకు అలవాటవుతుంది."

"అతను వేసుకునేసరికి తన్వి నా దగ్గర స్థిరపడిపోయింది కాబట్టి కదపకూడదని మీరే వాదిస్తారు."

"వాదిస్తాను. బాగా వాదిస్తాను."

"సావిత్రి విషయంలో అదే జరిగిందండీ. బాబు నాయనమ్మ దగ్గర అలవాటు పడిపోయాడని రెండో పిటిషన్ కొట్టేశారు. నేను ఆ ఫైలు నిన్న చదివాను."

లాయరుగారు ఒక తెల్లకాగితం ముందుకు లాక్కున్నారు. తరవాత పెన్ను తీసుకున్నారు. "రిపోర్టు పక్కన పెట్టమని పిటిషన్ మనమే వేద్దాం. నీ కాగితాలన్నీ ఇవ్వు. ఈ ముసలిదానికి కేసు ఓడిపోవడం కొత్తేం కాదు, చేతులారా ఓడించుకోవడమే కొత్త."

మృదుల అక్కణ్ణుంచే డైరెక్టరుకి ఫోన్ చేసి విషయం చెప్పింది. ఆయన మొదట కేకలేశాడు. తరవాత కాగితాలు పంపమన్నాడు.

శుక్రవారం కోర్టు వరండాలో దివాకర్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తన్వి పిల్లల గదిలో అప్పలకొండ దగ్గరుంది.

"ముప్పై నాలుగు" అన్నాడు మృదులని చూడగానే. నవ్వడానికి ప్రయత్నించాడు. "పదో తరగతి లెక్కల్లో కూడా నాకు నలభై రెండొచ్చాయి. నీ మిషన్ ఇంకొక్కటి వేసుంటే ముప్పై అయిదుతో పాసయ్యేవాణ్ణి."

"దివాకర్..."

"పిల్లకి నా దగ్గర ఏం సంతోషం లేదా మృదులా? రాత్రుళ్ళు అదే ఆలోచన. నేను చేసేదంతా... దానికి ఏమీ అనిపించట్లేదా?"

అతని గొంతులో కోపం లేదు. అంకెని నిజంగానే నమ్మేశాడు. తను చేసిన నష్టం ఎలాంటిదో మృదులకి గ్రాఫులు చూసినప్పటికంటే అప్పుడే బాగా తెలిసింది. మూడు వందల పన్నెండు ఇళ్ళలో ఒక్కొక్క మనిషి ఇలాగే కూర్చుని, ఎనిమిదేళ్ళో పదేళ్ళో తను చేసిన చాకిరీ అంతా పిల్లకి పట్టలేదని నమ్ముతూ ఉంటారు.

"మిషన్ తప్పు. లోపల చెబుతాను, విను" అంది.

జడ్జిగారు రిపోర్టు తిప్పి చూసి, హేమసుందరిగారు ఇచ్చిన పిటిషన్ చదివి, కళ్ళజోడు మీదుగా చూశారు. "ఈ రిపోర్టు మీకు అనుకూలంగా ఉంది. దీన్ని కొట్టేయమంటున్నది మీరే. మీరే దీన్ని తయారుచేశారు. నాకు సరిగ్గానే అర్థమైందా?"

"అర్థమైందండీ."

"కారణం నాకు తెలిసే మాటల్లో చెప్పండి."

మృదుల లేచి నిలబడింది.

"ఎప్పుడూ ఉండే మనిషిని చూసి పిల్లలు ఎగిరి గంతెయ్యరండీ. ఎప్పుడో వచ్చే మనిషి కనిపిస్తే ఎగురుతారు. మేము ఎగరడాన్ని కొలిచాం. ఎందుకంటే మేమందరం పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాళ్ళం. మా పిల్లలు మమ్మల్ని చూసి ఎగరడమే మాకు తెలుసు. నా కూతురు పడిపోయి ఏడిస్తే నేను ఎత్తుకున్నా ఊరుకోలేదు. వాళ్ళ నాన్న ఫోన్లో పప్పు మాడుతోందన్నాడు, ఊరుకుంది. దానికి నా మిషన్ అతనికి సున్నా వేసింది."

వెనక బెంచీలో ఎవరో నవ్వి ఆపేశారు. దివాకర్ తల వంచుకున్నాడు.

"అంటే పిల్లని తండ్రికే ఇవ్వమంటారా?"

"లేదండీ. నాక్కావాలి. ఆ అంకె చూసి మాత్రం ఇవ్వకండి. మీ పద్ధతి ప్రకారం అన్నీ విచారించి ఇవ్వండి. ఇంకో మూడు వందల పన్నెండు తీర్పుల్లో ఈ అంకె ఉంది. వాటి జాబితా, మేం మళ్ళీ కట్టిన లెక్క ఇందులో ఉన్నాయి." ఫైలు ముందుకు జరిపింది.

జడ్జిగారు ఆ ఫైలు తెరిచి జాబితా చూశారు. ఆ తీర్పుల్లో కొన్ని ఆయన ఇచ్చినవే. తరవాత తన్విని లోపలి గదిలోకి పిలిపించారు. లాయర్లెవరూ లేకుండా ఇరవై నిమిషాలు మాట్లాడారు. స్కూలు టీచరు ఇచ్చిన కాగితం, డాక్టరు కాగితాలు చూశారు. దివాకర్‌ని ప్రశ్నలడిగారు. మధ్యాహ్నం మళ్ళీ పిలిచారు.

"రిపోర్టు పక్కన పెడుతున్నాను. పిల్ల తండ్రి దగ్గర ఉంటుంది. సంరక్షణ అంటే సొంతం చేసుకోవడం కాదు, అది ఇద్దరూ గుర్తుపెట్టుకోండి. తల్లి తల్లిగానే ఉంటుంది. స్కూలు మార్చాలన్నా, ఆపరేషన్ చేయించాలన్నా ఇద్దరూ కలిసే నిర్ణయించాలి. తల్లికి ప్రతి వారం శని, ఆదివారాలు, సెలవుల్లో సగం..."

"అయ్యా, ఒక్కమాట" అంది మృదుల.

హేమసుందరిగారు ఆమె కొంగు లాగారు. మృదుల ఆగలేదు.

"నాకు ఆదివారాలు వద్దండీ. మంగళవారాలు ఇవ్వండి."

జడ్జిగారికి అర్థం కాలేదు.

"ఆదివారం బీచ్, ఐస్‌క్రీం. నేను పండక్కొచ్చిన చుట్టాన్ని. నాకు స్కూలు రోజులు కావాలండీ. యూనిఫాం ఉతకాలి, ఎక్కాలు అప్పజెప్పించుకోవాలి, పొద్దున్నే లేవనంటే లేపాలి. మంగళ, బుధ, గురువారాలు నేను నాలుగింటికే ల్యాబ్ నుంచి వచ్చేస్తాను. రాసిస్తాను. శని, ఆదివారాలు ఆయన తీసుకోనివ్వండి. ఎనిమిదేళ్ళలో ఆయన ఆ పిల్లతో ఆదివారం గడిపింది తక్కువ, వారమంతా వంట చేసి ఆదివారం బట్టలుతుక్కునేవాడు."

జడ్జిగారు దివాకర్ వైపు చూశారు. దివాకర్ లేచాడు.

"పొద్దున్నే లేపడం తనవల్ల కాదండీ" అన్నాడు. "అయినా ఇవ్వండి. నేర్చుకుంటుంది."

ఈసారి నవ్వినవాళ్ళని ఎవరూ ఆపలేదు.

ఆ తరవాత ఆరు నెలలూ మృదుల మూడు వందల పన్నెండు గడపలు ఎక్కి దిగింది. హైకోర్టు వేసిన కమిటీతో పాటు వెళ్ళి, ఒక్కొక్క ఇంట్లో కూర్చుని, తప్పు ఎక్కడ జరిగిందో తనే చెప్పింది. ల్యాబ్‌లో బంధసూచి గదికి తాళం పడింది. ఆ ఇళ్ళలో కొందరు తలుపే తియ్యలేదు. ఒకాయన కాఫీ ఇచ్చి, అది తాగాక బయటికి పొమ్మన్నాడు. నూట నలభై కుటుంబాలు మళ్ళీ పిటిషన్లు వేశాయి. కొన్ని మారాయి, చాలావరకు మారలేదు. పిల్లలు కొత్తచోట వేళ్ళూనుకున్నారు, మళ్ళీ పెకిలించడం మంచిది కాదని కోర్టులే అన్నాయి. ఆ మాట తప్పనీ అనలేం.

సావిత్రి చోడవరంలో ఇంటి అరుగు మీద బీరకాయలు కోస్తూ అంతా విన్నది.

"అంటే ఆడికి నేనంటే ఇష్టం లేక కాదన్నమాట" అంది.

"కాదమ్మా."

"రెండేళ్ళు ఆడి మీద కోపంగా ఉన్నాను. నెలకి రెండుసార్లు ఎదురుగా కూచోబెట్టుకుని, లోపల కోపంగా ఉన్నాను. పిల్లడండి ఆడు." కత్తిపీట పక్కకి జరిపింది. "క్షమాపణ చెప్పడానికొచ్చారు, సరే. ఆ రెండేళ్ళకి మీరేం చేస్తారు?"

"దానికి నేను చెయ్యగలిగింది లేదమ్మా" అంది మృదుల. సావిత్రి మళ్ళీ బీరకాయ అందుకుంది. అయినా పిటిషన్ కాగితాల మీద సంతకం పెట్టింది. కొత్త ఏడాది స్కూళ్ళు తెరిచేసరికి బాబు వారంలో నాలుగు రోజులు ఆ అరుగు మీద ఉండేలా తీర్పు వచ్చింది.

మంగళవారాలు మొదట్లో బాగాలేవు. తన్వి నాన్న ఇంట్లో దువ్వెన మరిచిపోయి వచ్చేది, ఇక్కడి సాంబారు నీళ్ళలా ఉందనేది. మొదటి బుధవారం పొద్దున లేపితే దుప్పటి ముసుగేసుకుని "నాన్నయితే పాట పెడతాడు, నువ్వు అరుస్తావు" అంది. స్కూలు ఆటో వెళ్ళిపోయింది. మృదుల ఆ పిల్లని స్కూటరు మీద దింపి, ల్యాబ్‌కి గంట ఆలస్యంగా వెళ్ళింది. ఏడో ఎక్కం ఇద్దరూ పోట్లాడుకుని నేర్చుకున్నారు. ఎనిమిదో ఎక్కం దగ్గర తన్వి పలక విసిరేసింది. శనివారాల్లోలాగ పరుగెత్తుకు రావడం ఎప్పుడు మానేసిందో మృదుల తారీకు గుర్తుపెట్టుకోలేదు.

వానలు మొదలైన ఒక మంగళవారం నాలుగున్నరకి తన్వి తలుపు తోసుకుని వచ్చింది. బూట్లు ఒకటి గుమ్మంలో, ఒకటి సోఫా కింద వదిలింది. బ్యాగు భుజం మీంచి జారిపోతే అక్కడే వదిలేసి, వంటింట్లోకి పోయి డబ్బాలో చేతికందిన జంతికలు తీసుకుని, హాల్లో కింద కూర్చుని టీవీ పెట్టుకుంది. తల్లి వైపు చూడనేలేదు. మృదుల తడిసిన యూనిఫాం విప్పమని చెప్పడానికి వచ్చి ఎదురుగా నిలబడింది.

"అబ్బా, పక్కకి జరుగమ్మా, టీవీ కనపడట్లేదు" అంది తన్వి, జంతిక నములుతూ.

మృదుల జరిగింది.